ఎర్రమట్టి దిబ్బలకు పెట్టిన ప్రస్థానం

ఆ రోజుల్లో పయనం అంటే చెప్పులు తొడుక్కుని బయలుదేరడం కాదు. పంచాంగం ఒప్పుకోవాలి, అత్తగారు ఒప్పుకోవాలి, గేదెలకు కుడితి పెట్టే మనిషి దొరకాలి, అన్నీ కుదిరాక బస్సు కూడా రావాలి. ఇప్పుడు మా మనవలు పొద్దున్న అనుకుని మధ్యాహ్నానికి అరకులో ఉంటున్నారు. వాళ్ళను చూసి నేను ముఖం ముడుచుకుంటాను గానీ (నవ్వు కూడా నేను పొదుపుగానే వాడతానని ఇంట్లో పేరు), వాళ్ళు అటు వెళ్ళగానే మా ఆయన తలపెట్టిన ఒక పయనం గుర్తొస్తుంది. అరవైలు ముగిసే రోజులవి. నాకు పదిహేడేళ్ళు. ఐదో తరగతితో చదువు ఆపేసి, ఇంటి తాళంచెవి తప్ప అన్నీ మోయగలిగేంత కోడలినై, విజయనగరం పక్క పల్లెలో కాపురానికి వచ్చి ఏడాది అయింది.

మా అత్త అంటే మా నాన్నకు సొంత అక్క. మా ఆయన నాకు బావ. జనపనార మిల్లులో గుమస్తా. కూరలో ఉప్పు తగ్గినా అడగని మనిషి. అలాంటివాడు ఒకనాడు అన్నం ముందు కూర్చుని, "భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయమ్మా. మిల్లోళ్ళతో ఎల్లి సూశాను. వచ్చే ఆదివారం దీన్ని తీసుకెళ్ళి సూపిస్తాను" అన్నాడు. అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. "మట్టి సూడ్డానికి బస్సెక్కాలేట్రా? మన కల్లంలో నేదా మట్టి?" అంది. ఆయన పళ్ళెంలోకి చూస్తూ, "అలాటి మట్టి కాదమ్మా" అని ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే నా మనసూ అత్త వైపే ఉంది. కానీ ఆ మనిషి నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక కదా, ఎలాగైనా గట్టెక్కించాలని నడుం కట్టాను.

నాకు తెలిసిన విద్య ఒక్కటే, ఒక పనికి నాలుగు పనులు జోడించడం. "బస్సు ఎలాగూ భీమిలి ఎల్తాది కదత్తా, నువ్వు సముద్రస్నానం సేసుకోవచ్చు" అన్నాను. అత్త మెత్తబడింది. ఆడపడుచుకు గాజులు కావాలంటే సరే అన్నాను. ఆమె నేస్తురాళ్ళు ఇద్దరు మేమూ వస్తామంటే, పులిహోర గిన్నె మోయడానికి చేతులు దొరికాయని సంబరపడ్డాను. రాత్రి ఆ జాబితా చెబితే మా ఆయన నా వంక అలా చూస్తూ ఉండిపోయాడు. నా తెలివికి ముచ్చటపడుతున్నాడనుకున్నాను.

తీరా ఆదివారం ఆయన నక్షత్రానికి మంచిది కాదని అత్త పంచాంగం చూపించుకుని వచ్చింది. దానికి మందు ప్రస్థానం. మంచి ఘడియ ఉన్న శుక్రవారమే, పయనం చేసేవాళ్ళ బట్టలు మూటగట్టి, వెళ్ళే దిక్కునున్న ఇంట్లో పెట్టేస్తే వాళ్ళు ఆనాడే బయలుదేరినట్టు లెక్క. అసలు రోజున ఆ మూట తీసుకుని వెళ్ళిపోవడమే. ఎవరింట్లో పెట్టాలో నిర్ణయించింది నేనే. ఊరి దక్షిణం చివర తాళాల పెద్దమ్మ ఇల్లు. ఒంటరి మనిషి, నీళ్ళ కుండకు కూడా తాళం వేస్తుందని ఊరంతా వేళాకోళం చేసేది. దొంగభయం లేని ఇల్లు అంతకంటే ఏముంటుంది? మా ఆయనకున్న ఒకే ఒక టెరిలిన్ చొక్కా, నా పెళ్ళి పట్టుచీర మూటగట్టి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆదివారం తెల్లవారాక ఆరుగురం పాత బట్టలతో (మంచివి అక్కడే కట్టుకుంటే నలగవని నా ఆలోచన) దక్షిణం చివరకు వెళ్ళాం. తలుపుకు గుప్పెడంత తాళం. ఎదురింటాయన పళ్ళు తోముకుంటూ, "పెద్దమ్మ తమ్ముడికి ఒంట్లో బాగులేదని కబురొచ్చినాది. సీకటితోనే కోట ఎల్లిపోనాది" అన్నాడు. కోట అంటే శృంగవరపుకోట. తాళంచెవి ఆవిడ మొలలో. మేం చూస్తుండగానే భీమిలి బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఇంటికి పోదామని నేను తిరిగితే అత్త కేక వేసింది. "ఒసే, ఆగు! మూట మీ ఇద్దరిది. అది తియ్యకుండా గడపలోకి వస్తే అపశకునం. పెద్దమ్మ వచ్చేదాకా ఈ అరుగు మీదే కూకోండి." పులిహోర గిన్నె మా దగ్గర పెట్టి మిగతావాళ్ళను తీసుకుని వెళ్ళిపోయింది.

ఏడాది కాపురంలో పగటిపూట మేమిద్దరం పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. పొలానికి పోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏట్రా, పెద్దమ్మ ఇంటికి కాపలా కుదిరావేటి, పెళ్ళాంతో సహా?" అన్నాడొకడు. నేను తల దించుకుని పెద్దమ్మను తిడుతూనే ఉన్నాను. మా ఆయన మాత్రం పుల్ల తీసుకుని అరుగు కింద దుమ్ములో గీతలు గీస్తున్నాడు.

"ఇలా ఉంటాదన్నమాట. పైన అంతా ఎర్ర ఇసక. వాన పడి సన్న గాడి పెడతాది. ఏటేటా తెగి తెగి అదే లోయైపోతాది. అందులోకి దిగితే రెండు పక్కలా మనిషి కంటే ఎత్తు గోడలు. ఎవులికీ కనపడం. మనం మాటాడుకుంటే మనకే ఇనపడతాది."

"ఎవులికీ కనపడకపోతే, దారి తప్పితే ఎవులు సెప్తారు బావా?" అన్నాను.

ఆయన పుల్ల కింద పెట్టాడు. "నేను ఇద్దరమే అనుకున్నాన్లే" అన్నాడు, వీధి వంక చూస్తూ.

నాకు అప్పుడు అర్థమైంది. ఉమ్మడి ఇంట్లో గోడలన్నింటికీ చెవులే. ఈ మనిషి నాతో నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఇరవై మైళ్ళ అవతల గోడలు వెతికి పెట్టుకున్నాడు. నేను ఆ గోడల మధ్యకు అత్తను, ఆడపడుచును, గిన్నె మోసేవాళ్ళను పోగేశాను. చెంపలు వేడెక్కిపోయాయి. గిన్నె మూత తీసి పులిహోర వడ్డించాను. ఆరుగురి గిన్నె కదా, ఎంతసేపు తిన్నా తరగలేదు. ఆయన చిన్ననాటి మాటలు చెప్పాడు. మిల్లులో కబుర్లు చెప్పాడు. ఇంత మాట్లాడే మనిషా అనుకున్నాను. నేనూ ఏవో చెప్పాను, ఏమిటో ఇప్పుడు గుర్తులేదు.

పొద్దు వాలుతుంటే పెద్దమ్మ రొప్పుతూ వచ్చింది. "అయ్యో నా తల్లీ! తమ్ముడికి పర్వాలేదులే. నా మతి మండిపోను, మీ మూట మాటే మరిసిపోనాను! ఉండు, తలుపు తీస్తాను" అంటూ మొలలో తాళంచెవి కోసం తడుముకుంది. పొద్దున్నించి ఆవిడకోసం దాచిన తిట్లన్నీ నాలుక చివర ఉన్నాయి. కానీ నా నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"తొందరేటి పెద్దమ్మా? ఎండన పడొచ్చావు. కాళ్ళు కడుక్కో, ముందు ఇంత పులిహోర తిను."

మా ఆయన చటుక్కున గోడ వైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు కదలడం మాత్రం కనిపించింది. పొదుపుకు పేరుపడ్డ ఆ పదిహేడేళ్ళ పిల్ల పెద్దమ్మకు ఆ రోజు మూడుసార్లు కొసరి కొసరి వడ్డించింది. ఆ పిల్ల మీద నాకు ఇప్పటికీ కోపం రాదు.