ఇంట్లో తిని వెళ్ళిన విందు

నా చిన్నప్పుడు నాకు రెండు పేర్లుండేవి. ఒకటి బడి హాజరు పట్టీలో ఉండేది. దాన్ని మాస్టారు తప్ప ఎవరూ వాడేవారు కాదు. రెండోది 'మోటూ'. ఢిల్లీ కంటోన్మెంటులో మా క్వార్టరున్న వరస మొత్తానికి ఈ రెండోదే తెలుసు. లావుగా ఉండేవాణ్ణి. దాగుడుమూతల్లో నన్ను వెతకడానికి ఎవరూ పెద్దగా శ్రమపడేవారు కాదు.

ఈ విషయంలో ఇంట్లో నాకు తోడు మా మేనత్త. మా నాన్నగారి అక్క. ఏదో సర్కారు ఆఫీసులో టైపిస్టు, మాతోనే ఉండేది. ఆవిడదీ నా ఒళ్ళే. ఆవిణ్ణి చూడ్డానికొచ్చిన పెళ్ళివారందరూ మా అమ్మ వేసిన పెసరట్లు మెచ్చుకుని వెళ్ళిపోయారు.

ఒక ఆదివారం, ఎవరికో ప్రమోషన్ వచ్చిందని మా వరసలోని తెలుగువాళ్ళందరం అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీనుకి భోజనానికి బయల్దేరాం. అక్కడ అడిగినంత వడ్డిస్తారని విన్నప్పట్నించీ నాకు నిద్ర సరిగా పట్టలేదు. తీరా బయల్దేరే ముందు అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసింది. గిన్నెడు పెరుగన్నం కలిపి నాకు ముద్దలు పెట్టింది, తనూ తింది. విందుకెళ్తూ ఇదేంటత్తా అన్నాను.

"అక్కడ అందరి కళ్ళూ మన కంచాల మీదే ఉంటాయి నాన్నా. ఆకలి ఇక్కడే వదిలేసి వెళ్ళాలి. మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి చాలనాలి. నవ్వుతూ అనాలి."

గొప్ప ఉపాయమే అనిపించింది. తక్కువ తిన్నట్టు కనబడాలంటే రెండుసార్లు తినాలన్నమాట.

అక్కడ పూరీలు పొంగి వచ్చాయి. గోంగూర వచ్చింది. మా ఎదురుగా మా వరసలోనే ఉండే సుబేదారు గారు కూర్చున్నారు, వెదురుబద్దలాంటి మనిషి. ఆయన పూరీ మీద పూరీ వేయించుకుంటుంటే "తిండిపుష్టి అంటే అదీ" అని అందరూ ముచ్చటపడ్డారు. అత్త ఒక్క పూరీ తిని, రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టి నవ్వింది.

సుబేదారు గారు తినడం ఆపారు. "ఇదేంటి అక్కగారూ, పిచ్చుక తిండి తింటే ఇంత ఒళ్ళెలా వచ్చింది? ఇంట్లో ఓ పట్టు పట్టి వచ్చారా ఏంటి?"

చెడ్డవారు కాదాయన; నాకు పెన్సిళ్ళు కొనిచ్చేవారు. బల్లంతా ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువగా అత్తే నవ్వింది, కళ్ళు తుడుచుకునేంతగా. మరీ నవ్వినా కళ్ళనీళ్ళొస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పుడే నా దగ్గరికి సాంబారొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టాను. వడ్డించేవాడు అప్పటికే గరిటె వంచేశాడు. వేళ్ళు చురుక్కుమన్నాయి. "చాలు" అన్నాను, నవ్వుతూ. "అచ్ఛా బచ్చా, ఎంత బుద్ధిమంతుడో" అని పక్కనున్న ఆంటీ నా తల నిమిరింది. తిండి విషయంలో నన్నొకరు మెచ్చుకోవడం అదే మొదలు.

తిరుగు బస్సులో అత్త పక్కన కూర్చున్నాను. ఈసారి ఇంట్లో తినకుండా వెళ్దామన్నాను.

"అప్పుడు, చూశారా ఎలా తింటున్నారో అంటారు."

"మరి ఏం చెయ్యాలత్తా?"

నా లెక్కల్లో ఏ చిక్కొచ్చినా ఆవిడే విప్పేది. ఆ వేళ మాత్రం కాలిన నా వేళ్ళు తన చేతిలో పెట్టుకుని ఊదడం మొదలుపెట్టింది. ఇల్లొచ్చేదాకా ఊదుతూనే ఉంది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నేను తాతనయ్యాను. ఒళ్ళు మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. అంత నమ్మకమైన స్నేహం నాకింకొకటి లేదు. ఎవరింటికి పిలిచినా, వంటింట్లో ఎవరూ చూడకుండా తినే వెళ్తాను. "మా ఆయనకి తిండి మీద ధ్యాసే లేదు" అని మా ఆవిడ అందరికీ చెబుతుంది. ఈ ఒళ్ళు ఢిల్లీ గాలికి వచ్చిందనుకుంటోంది పాపం.

మొన్న వసంత్ కుంజ్‌లో మా అమ్మాయి ఇంటికి తినకుండానే వెళ్తే, భోజనం ఆలస్యమైంది. "ఆకలేస్తోందా నాన్నా?" అని అడిగింది. సొంత కూతురు, ఇంట్లో ఇంకెవరూ లేరు. కడుపు నకనకలాడుతోంది. "లేదమ్మా" అన్నాను, నవ్వుతూ. అబద్ధమాడానని కాసేపటిదాకా నాకే తెలియలేదు.