రంగంలో ఒక పూట భోజనం

నా చిన్నప్పుడు మా కళింగపట్నం రేవుకి ఓడ వచ్చిందంటే ఏదో ఒక ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగేది కాదు. రంగూన్‌ని మావాళ్లు రంగం అనేవారు. అక్కడి బియ్యం మిల్లులకి కూలీలను తీసుకుపోయే ఓడ అది. లోతు నీళ్లలో దూరంగా ఆగేది, పడవల మీద వెళ్లి ఎక్కాలి. నాకు ఆరేళ్లప్పుడు మా అయ్య కూడా ఎక్కేడు.

నిండు నెలలతో ఉన్న అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. మా మామ్మ, అంటే మా అయ్య తల్లి, నన్ను వెంటబెట్టుకుని రేవుకి వచ్చింది. ఇసుకలో నిలబడి తలపాగా చుట్టుకుంటూ, కాస్త పట్టుకోమని అయ్య ఒక చీటీ నా చేతికిచ్చేడు. అక్కడ పని ఇప్పించే మేస్త్రి పేరు, చిరునామా రాసిన చీటీ. ఇంతలో పడవవాడు కేకేసేడు. అయ్య నా తల నిమిరి గబగబా వెళ్లిపోయేడు. చీటీ నా గుప్పిట్లోనే ఉండిపోయింది.

పిలుద్దామని నోరు తెరిచేను. మామ్మ ఠక్కున నా నోరు మూసేసింది. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే వెళ్లినచోట కలిసిరాదని మావాళ్ల నమ్మకం. నేను ఊరికే ఏడుస్తూ పిలవబోతున్నాననుకుంది పాపం, చీటీ సంగతి తనకి తెలీదు. ఇంక కదలకుండా నిలబడిపోయేను. పెద్దవాళ్లు వద్దంటే వద్దే, అలా పెరిగేం మేము.

పడవ అలలు దాటేక గుప్పిట విప్పి చూపించేను. మామ్మకి చదువు రాదు గాని అదేమిటో తెలిసింది. అక్కడే కూలబడిపోయింది. "మీ అమ్మకి సెప్పకే తల్లీ" అని ఆ చీటీ తీసుకుని నీళ్లలో వదిలేసింది.

నేను చెప్పలేదు. అయ్య దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం రాలేదు. యుద్ధమొచ్చి రంగం నుంచి జనం కాళ్లీడ్చుకుంటూ తిరిగొస్తున్న రోజుల్లో, అమ్మ ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్లి రైలు దిగినవాళ్ల మొహాలన్నీ వెతికేది. ఆవిడ కొంగు పట్టుకుని నేనూ నిలబడేదాన్ని. చెప్పేస్తే ఏమయ్యేదో నాకు తెలీదు. అమ్మ చూసి చూసి పోయింది. తప్పు నాదేనేమో, అయ్య ఎలాగోలా మేస్త్రిని కలుసుకునే ఉంటాడేమో అని ఆలోచిస్తూనే నేనూ ముసలిదాన్నైపోయేను.

రాష్ట్రం రెండు ముక్కలైన మరుసటేడు మా తమ్ముడి మనవడు నన్ను ఓడెక్కించేడు. వాడు టూరిస్టు ఓడలో వంటపని చేస్తాడు. కాటికి కాళ్లు చాపుకున్నదానికి షికారేటని వీధిలో అందరూ నవ్వేరు. నవ్వితే నవ్వనీ, ఆ ఓడ రంగంలో ఒకరోజు ఆగుతుందని వాడు చెప్పిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు.

రేవులో దిగినవాళ్లని తలో ఇంటికీ భోజనానికి పంపుతారట. నన్ను ఒక తెలుగువాళ్లింటికి పంపించేలా మావాడు మాట్లాడేడు. తాతల నాడు మా జిల్లా నుంచే వెళ్లినవాళ్లు. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదైన ఒకావిడ, మా వైపు అక్కని పిలిచినట్టు నేను అప్పా అనే పిలిచేను, తనే దగ్గర కూచుని వడ్డించింది. వంకాయలో ఎండు నెత్తళ్ల చేపలు వేసి వండింది, అచ్చం మా ఇంటి కూరే. తింటూ తింటూ, ఆ రోజుల్లో ఓడ దిగినవాళ్లు ఎటెళ్లేవారప్పా అని అడిగేను. మా అయ్య మాట ఎత్తలేదు.

"సీటీ ఉన్నోణ్ని ఆడి మేస్త్రి తీసికెల్లీవోడు సెల్లీ. లేనోణ్ని ఎవుడు దొరకబుచ్చుకుంటే ఆడే. ఏ మిల్లుకో, ఏ అడివికో. మరింక ఆడి జాడ ఎవులికీ తెలిసీది కాదు" అంది, ఇంకో ముక్క వడ్డిస్తూ.

డెబ్బై అయిదేళ్లు దాచుకున్న ఆ 'కలుసుకునే ఉంటాడేమో' కూడా ఆ పూటతో పోయింది. కంచం ముందు ఏడిస్తే వండిన మనిషి ఏమనుకుంటుంది? నీళ్లు తాగి తాగి ఎలాగో కానిచ్చేను.

సెలవు తీసుకుని, మావాడితో సందులో సగం దూరం నడిచేను. పక్క సందులోంచి అప్ప కర్ర పొడుచుకుంటూ మాకు ఎదురొచ్చింది. ఒగరుస్తోంది. నేను మర్చిపోయిన కళ్లజోడు నా చేతిలో పెట్టింది.

"ఒక్క కేకేస్తే ఆగీదాన్ని కదప్పా" అన్నాను.

"ఎల్లేవోల్లని ఎనక నుంచి పిలుస్తారేటే? సుట్టు తిరిగి ఎదరకొచ్చి ఇవ్వాల. మాయమ్మ అలగే సేసీది."

అదే నమ్మకం, ఆవిడా తప్పలేదు. ఆ రోజు మామ్మ మూసింది నా నోరే గాని కాళ్లు కాదు. పడవ దాకా ఇరవై ముప్ఫై అడుగుల ఇసుక, అంతే.

ఆరేళ్ల పిల్లకి అదెలా తోస్తుంది అని మావాడు దారంతా ఓదార్చేడు. నిజమే కావచ్చు, దాంతో నాకు ఒరిగిందేమీ లేదు. ఇప్పటికీ ఆ కళ్లజోడు పెట్టుకున్నప్పుడల్లా ఏడుపొస్తుంది. ఎనభై అయిదేళ్ల మనిషి ఎవరో పరాయిదాని కోసం చుట్టు తిరిగొచ్చింది. నేను మా అయ్య కోసం పరిగెత్తలేదు.