వణుకు చూసిన చెయ్యి

విళాత్తికుళం నుంచి కోవిల్‌పట్టికి వస్తుంటే, ఊరి బయట ఒక గుంతలో పడగానే జీపు స్టీరింగ్ నా చేతుల్లో గజగజ ఊగిపోయింది. అన్నయ్య భయపడి, జీపు ఆపించి తాళం లాక్కున్నాడు. "ఇక నువ్వు నడపొద్దు" అన్నాడు.

కోవిల్‌పట్టి మెకానిక్ షెడ్డులో పెద్దాయనకు తాళం ఇచ్చి అన్నయ్య, తప్పంతా నా నడపడంలోనే ఉందని వచ్చీరాని అరవంలో చెప్పాడు. "గుంతలో పడ్డాకే కదా అన్నయ్యా" అని గొణిగాను.

పెద్దాయన నావైపు తిరిగాడు. "మా ఇంట్లోనూ తెలుగే పాపా. ఈ వండి స్టీరింగ్ పట్టుకోనుండింది నువ్వు గదా, నువ్వే చెప్పు. ఈ తంబి చేతికేం తెలుసు?" అన్నాడు అన్నయ్యను చూపిస్తూ.

అరవై వేగంలో, గుంత తగిలితేనే ఊగుతుందని చెప్పాను. ఆయన జీపు కింద పడుకుని, నన్ను స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమన్నాడు.

"ఇద్దో, ఈడ ఆడతాది!"

ముందు ఇరుసును పట్టి ఉంచే కడ్డీ బోల్టు వదులైంది. కొత్తది బిగించాక అన్నయ్య తాళానికి చెయ్యి చాపాడు. ఆయన నాకిచ్చాడు.

"వణుకు చూసిన చెయ్యే వండి ఓట్టి, నడిపి చూడాల. ఈడ అదే వాడిక."

ఆయన నా పక్కన, అన్నయ్య వెనక కూర్చున్నారు. అదే గుంత మీదుగా అరవైలో పోనిచ్చాను. జీపు ఒక్కసారి ఎగిరి తిన్నగా సాగింది.

పెద్దాయన్ని షెడ్డు దగ్గర దింపి, విరుదునగర్ దాకా నేనే నడిపాను. దారిలో సాత్తూరు రాకముందే అన్నయ్య నిద్రపోయాడు.