దసరాకు ముందు పదిహేను రోజులు

ముత్తంగి జంక్షన్ దగ్గర, లారీలను తూచే మా కాంటా మీదికి నిన్న బంతిపూల బండి ఎక్కింది. తడిసిన గోనెసంచుల వాసన గదిలోకి రాగానే నా ఛాతీ బిగిసింది. దసరా ఇంకా పదిహేను రోజులుంది. పెన్ను పక్కన పెట్టి, పోయినవి లెక్కపెట్టుకున్నాను. పదకొండు దసరాలు. సంగారెడ్డిలో అన్న ఇంట్లో నాకోసం వేసి తీసేసిన పదకొండు విస్తళ్లు. అన్న మనవరాలు మాటలు నేర్చిన మూడేళ్లు. అన్నా నేనూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే అలవాటు. దానికి మాత్రం అంకె వేయలేకపోయాను.

ఇదంతా ఒక దసరా భోజనం దగ్గర మొదలైంది. పొలం అమ్మి నేను పెట్టిన దుకాణం అప్పటికే మూతపడింది. “ఏం బామ్మర్ది, లెక్కల మనిషివి గదా, దుకానం ఎన్ని దినాలు నడిచిందో చెప్పరాదు?” అని అక్క మొగుడు అడిగాడు. అందరూ నవ్వారు. నాకు ఊపిరి అందలేదు. ముద్ద చేతిలో ఉండగానే లేచి వచ్చేశాను. ఆ తర్వాత ఏటా పండగ ముందు నిద్ర పట్టేది కాదు, గుండె దడదడలాడేది. డ్యూటీ ఉందని చెప్పి మానేసేవాణ్ని. రెండుసార్లు మాత్రం బయలుదేరి, అన్న ఇంటి సందు మొదట్లోంచే తిరిగొచ్చాను.

నా భార్య పట్టుబట్టి పటాన్‌చెరులో డాక్టరుకు చూపించింది. ఆయన పరీక్షలు చేసి, గుండెకు ఏమీ కాలేదని చెప్పి, కౌన్సెలింగ్ గదికి పంపాడు. అక్కడ గురువారాల్లో కమల మేడం కూర్చునేవారు. అరవై దాటిన మనిషి. అందరినీ తమ్మీ, చెల్లె అనే పిలిచేవారు.

నా భయానికి నూటికి ఎన్ని మార్కులు వేస్తానని ఆమె మొదట అడిగారు. లెక్క అనేసరికి నాకు మాట వచ్చింది. ఇంట్లో నలభై, బస్సులో అరవై, సందు మొదట్లో తొంభై అన్నాను. ఆ తర్వాత ఎంత అంటే, ఆ తర్వాత లేదన్నాను. ఆమె మా పని గురించి అడిగారు. నిండు బండిని తూస్తామని, సరుకు దించాక ఖాళీ బండిని మళ్లీ తూస్తామని, తేడాయే సరుకు బరువని చెప్పాను.

“మరి తమ్మీ, పదకొండేండ్లసంది నిండు బండే తూస్తున్నవ్. దించినంక ఎన్నడన్న తూసినవా?”

నాకు కోపం వచ్చింది. చదివింది ఏడో తరగతే అయినా, తూకంలో నన్ను తప్పుపట్టినవాళ్లు లేరు. చిట్కుల్‌లో ఇల్లు చేరేదాకా నా భార్యతో మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం తింటుంటే, మేడం చెప్పింది నిజమేనని, భయం దిగేదాకా నేనెప్పుడూ ఆగలేదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

తర్వాతి గురువారాల్లో బావకు చెప్పాల్సిన జవాబు సాధన చేశాం. ఆమే బావ. ఎత్తిపొడవడం ఆమెకు బొత్తిగా చేతకాదు. నాకు నవ్వాగేది కాదు. ఆ దసరాకు అన్న గడప దగ్గర నా భయం తొంభై అయిదు. దారి తప్పి వచ్చావా అని బావ మొదలుపెట్టాడు. “ఏడు నెలలు నడిచింది బావా. నష్టపోయింది నేనే,” అన్నాను. ఆయన గారెల పళ్లెం నా వైపు జరిపాడు. పది నిమిషాలకోసారి కాంటా చీటీ వెనక అంకె రాసుకున్నాను. అరగంటకు అరవై. గంటకు ముప్పై అయిదు. గంటా పది నిమిషాలు ఉండి వచ్చాను.

చీటీ చూపిస్తే మేడం మెచ్చుకోలేదు, కొత్త లెక్క ఇచ్చారు. అన్న ఇంట్లో భోజనం రెండింటికి, జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకునేది ఆరింటికి. నాలుగు గంటలు.

“భయం వస్తది తమ్మీ. వచ్చినా కూసో. మీ అన్న చేతిల జమ్మి పెట్టినంక నాకొచ్చి చెప్పు.”

రెండేళ్ల కింద ఆమె పోయారు. అప్పటికి నేను రెండు గంటలే దాటాను. భయం ఇప్పటికీ పదిహేను రోజుల ముందే వస్తుంది. చీటీ మీద రాసి పనిలో పడతాను. పోయినేడు మూడు గంటల పది నిమిషాలు కూర్చున్నాను. చెప్పులు వేసుకుంటుంటే అన్న గేటు దాకా వచ్చి, “జెరసేపు ఆగరాదురా,” అన్నాడు. ఆగలేకపోయాను.

ఇంకా యాభై నిమిషాలు బాకీ.