మొలతాడుకు కట్టిన చిల్లు కాణీ

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరూ కునుకు తీయరు. భోజనం కాగానే మా ఆయన హాల్లో పాత దుప్పటి పరిచి, బ్యాంకు నుంచి తెచ్చిన చిల్లర ప్యాకెట్లను కత్తెరతో కోసి దాని మీద గుమ్మరిస్తాడు. ఉరవకొండ బజారులో ఆయనకు జెరాక్సు, సెల్ రీచార్జి అంగడి ఉంది. అంగడికి చిల్లర కావాలన్నది బ్యాంకులో చెప్పే మాట. అసలు పని వేరు. ఒక్కో బిళ్ళనూ తీసి, సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తును చూస్తాడు. నక్షత్రముంటే హైదరాబాదులో కొట్టింది, చుక్క ఉంటే నోయిడాది, డైమండుంటే ముంబైది, ఏమీ లేకపోతే కలకత్తాది. అచ్చు పక్కకు జరిగినవి, అరుదుగా కనిపించే బొమ్మలున్నవి ఏరి, అట్ట ముక్కల మధ్య పెట్టి ఆల్బంలో దాస్తాడు. మిగిలినవి సోమవారం అంగడికి పోతాయి.

పది రూపాయల బిళ్ళలను మా వైపు ఎవరూ తీసుకోరు. చెల్లవంటారు. బ్యాంకులో చెల్లుతాయప్పా అంటే, "అయితే బ్యాంకుకే ఇచ్చుకో పో" అంటారు. అందుకే క్యాషియరుకు మా ఆయనంటే ప్రాణం. ఊరంతా వద్దన్నదాన్ని అడిగి మరీ మోసుకుపోయే మనిషి ఇంకెవరున్నారు?

నాకు ఆ కుప్పంటే భయం. పాపకు ఏడాదిన్నర. ఏది దొరికినా నోట్లోకే. ఆయన దుప్పటి దులిపి లేచాక నేలంతా అరచేత్తో తడిమి, మంచం కింద, తలుపు మూల చూసుకుని గానీ పాపను చంక దింపను. అంత జాగ్రత్త పడే నా బిడ్డ ఒంటి మీదే ఒక నాణెం ఉంది.

అది మధ్యలో చిల్లు ఉన్న రాగి కాణీ. తెల్లదొరల కాలం నాటిది. దిష్టి తగలకుండా నల్లదారంలో గుచ్చి పాప నడుముకు మా అత్త కట్టింది. మా ఆయనకంటే ముందు ఆమెకు పుట్టిన ఇద్దరూ నిలవలేదట. మూడోసారి ఈ కాణీ కట్టాకే బిడ్డ దక్కాడని ఆమె నమ్మకం. నేను డిగ్రీ చదివినదాన్ని, నాకు ఆ నమ్మకం లేదు. దారం తెగి పాప మింగితే ఎట్లా అని మొదట్లోనే అడిగాను.

"నీ మొగుడు మింగినాడా? బతికి నీ ముందర తిరుగుతానే ఉండాడు కదా," అంది అత్త. ఇంక ఆ మాట ఎత్తలేదు.

పోయిన వేసవిలో గుంతకల్లు నుంచి పాత నాణేలు కొనే అతను మా ఇంటికి వచ్చాడు. ఆల్బం తిరగేసి నాలుగైదు బిళ్ళలు కొన్నాక, చొక్కా లేకుండా పాకుతున్న పాప అతని కంటబడింది.

"ఏమప్పా, బిడ్డ నడుముకే బ్యాంకు కట్టినారే!" అంటూ భూతద్దం పెట్టి చూశాడు. "శానా అరిగిండాది, ఏడాది కనపడల్యా. కడిగి చూస్తే తెలుస్తాది. నేననుకునే ఏడాదిదైతే నీకొక మంచి సెల్లు వస్తాదన్నా."

"బిడ్డ మీంద చెయ్యి తియ్యప్పా," అంది అత్త, తలుపు దగ్గర నుంచి. "అది అమ్మేది కాదు."

"ఊరికే అన్న్యాలే అవ్వా. నీ మనమరాలి ఆస్తి నాకెందుకు?"

మా ఆయన నవ్వాడు. నవ్వు ఆగాక కూడా ఆయన చూపు ఆ కాణీ మీదే ఉండటం నేను గమనించాను.

ఆ రోజుల్లో ఆయన ముఖంలో కళ లేదు. అందరూ ఎవరి ఫోన్లో వాళ్ళే రీచార్జి చేసుకుంటుంటే అంగడిలో జెరాక్సు మిషను ఒక్కటే తిరుగుతోంది. ఫోను వస్తే వాకిట్లోకి పోయి మాట్లాడుతున్నాడు. ఒకరోజు తీగ మీద బట్టలు తీస్తుంటే ఆయన గొంతు వినబడింది: "ఇంట్లో తెలిస్తే బాగుండదు. నువ్వు మాత్రం ఈడికి రావద్దు." నన్ను చూసి పెట్టేశాడు. ఎవరని అడిగితే, "ఎవురో లే," అన్నాడు.

కుళాయి నీళ్ళు వచ్చిన రోజునే పాపకు తీరిగ్గా తలస్నానం. అట్లాంటి ఒకరోజు మొలతాడుకు సబ్బు రుద్దుతుంటే బొటనవేలికి ఏదో గరుగ్గా తగిలింది. ఆ కాణీ మీది కిరీటం ఎప్పుడో అరిగి నున్నగా అయిపోయింది. ప్రతి స్నానంలోనూ నా వేలికి తెలిసిన నునుపు అది. ఇప్పుడు కిరీటం ఎత్తుగా ఉంది, అంచు పదునుగా ఉంది, సంవత్సరం అంకెలు కూడా కనబడుతున్నాయి. దారం అదే. కాణీ వేరు.

ముందురోజు సాయంత్రం నేను బజారుకు పోయాను. అత్త ఎదురింట్లో శనక్కాయలు ఒలుస్తూ ఉంది. పాప దగ్గరున్నది ఆయనొక్కడే.

అడగలేదు. అడిగితే, అవునంటే? కొన్నాళ్ళలో నేను ఒక బడిలో పాఠాలు చెప్పడానికి చేరాలి. మధ్యాహ్నాలు పాపను అంగడిలో ఆయన చూసుకోవాలని ఇద్దరం అనుకున్నాం. బిడ్డ ఒంటి మీదిది తీసి అమ్ముకునే మనిషి చేతిలో బిడ్డను పెట్టి ఏ ధైర్యంతో గడప దాటను?

ఆయన అంగడికి పోగానే ఆల్బం తీసి ప్రతి అట్టముక్కనూ వెలుతురులో పెట్టి చూశాను. ఉతికే చొక్కాల జేబులు తిప్పాను. సంచి అడుగున దులిపాను. లేదు. లేదంటే అమ్మేశాడనే కదా. ఒక్కటి మాత్రం పొసగలేదు. అరిగినదానికి విలువ లేదని నాకు నేర్పింది ఆయనే. మరి అరిగినది తీసుకుని అచ్చు చెదరనిదాన్ని ఎవరైనా కడతారా? నా కళ్ళు కప్పడానికేలే అని సర్దిచెప్పుకున్నాను. అనుమానానికి జవాబు కంటే సాకే తొందరగా దొరుకుతుంది. ఆయన పాపను ఎత్తుకుంటే ఆయన వేళ్ళు ఎక్కడున్నాయో చూస్తూ కూర్చునేదాన్ని. "ఏమే అట్ల చూస్తాండావు?" అంటే, "ఏం లేదు," అనేదాన్ని.

నాలుగు రోజులకు పాపకు జ్వరం వచ్చింది. ఆయన మందు తేవడానికి మెడికల్ షాపుకు పోయాడు. నేను తడిగుడ్డ పిండుకుని వంటింట్లో నుంచి వచ్చేసరికి అత్త మంచం మీద వంగి ఉంది. బొడ్డు సంచిలోంచి ఏదో తీసి పాప పొట్ట మీద పెట్టి, పెదవులు కదుపుతోంది. దగ్గరికి పోయి చూశాను. అరిగి నున్నగా అయిపోయిన కాణీ.

"అత్తా! ఇది నీ దగ్గరుండాదా?"

ఆమె ఉలిక్కిపడింది. కాణీ మీద అరచెయ్యి కప్పింది.

"నేనే తీసి పెట్టుకుంటి," అంది. "ఆ గుంతకల్లోడు సెల్లు వస్తాదనె. వీడు ఆ మాట విని నవ్వె. అంగడి చూస్తే అట్లుండాది. యాడ అమ్ముకుంటాడో అని, తెల్లారగట్ల పాప నిద్రలో ఉంటే మార్చేస్తి. నా పెట్టెలో ఇంగొకటి ఉండె, అది కడ్తి." గొంతు తగ్గింది. "దీన్ని దూరం చేసినందుకే బిడ్డకు కాక తగిలిండాది."

"కన్న కొడుకునే అనుమానించినావా?"

అత్త నా ముఖంలోకి చూసింది. "నువ్వు ఆల్బం యాల తీస్తివి? వాని జేబులు యాల తిప్పితివి? నాకు కండ్లు లేవనుకుంటివా? నువ్వేమనుకుంటివో నేనూ అదే అనుకుంటి."

నేను తడిగుడ్డ పాప నుదుటి మీద వేసి, తల తిప్పుకున్నాను.

ఇంతలో మా ఆయన మందుసీసాతో వచ్చాడు. పాప పొట్ట మీద ఒకటి, నడుముకు ఒకటి, రెండు కాణీలూ కనబడుతున్నాయి. వాటిని చూసి, నా వైపు తిరిగి, "తీసి యాడ పెట్టినావో అనుకుంటి. ఈడనే ఉండాదా?" అన్నాడు.

"నేనా?"

"నువ్వే కదా. మింగుతాదని మొదట్లోనే అంటివి. ఆ పాత మురికిది బిడ్డ నోట్లో పెట్టుకోకుండా శుభ్రమైంది కట్టినావనుకుంటి. కొత్తది అంత దిట్టంగా కనపడతాంటే నాకు తెలీదా? నువ్వే మార్చినావు, అమ్మకు తెలిస్తే ఇల్లు రేగుతాదని గమ్మునుంటి. ఆ గుంతకల్లోడు ఒకటే ఫోన్లు, కాణీ ఇయ్యన్నా, ఇయ్యన్నా అని. అమ్మ చెవిన పడితే నన్ను బతకనిస్తాదా? ఇంటికి రావద్దని తిడితి."

"మార్చింది నేనురా," అంది అత్త. పాప మొలతాడు విప్పి, అచ్చు చెదరని కాణీని ఆయన వైపు తోసింది. "దీన్ని నీ బుక్కులో పెట్టుకో. ఇంగ పాప కాణీ జోలికి రావద్దు." అరిగిన కాణీకి కొత్త నల్లదారం గుచ్చడం మొదలుపెట్టింది.

ఆయన తలగోక్కుంటూ మంచం అంచున కూర్చున్నాడు. "నువ్వెందుకు మార్చినావో తరువాత చెబుదువులే మా." మళ్ళీ నా వైపు తిరిగాడు. "నువ్వు పాపకు నీళ్ళు పోస్తావు కదా, నీకూ తెలిసింటాదే. నువ్వెవురనుకుంటివి?"

తడిగుడ్డ తీసి తిరగేసి వేశాను.

అత్త దారం ముడి పళ్ళతో బిగించి, మిగిలిన కొసను కొరికింది. మా ఇద్దరి వైపూ చూడకుండానే, "నన్నే అనుకునింది," అంది. "ఈ ముసిల్ది దొంగముండ అనుకునింది."

"నిన్నట్ల అనుకుంటాదా మా?"

"యాల అనుకోదు? నీ పెండ్లామే కదా."

ఆయన పెద్దగా నవ్వి సీసా మూత తిప్పాడు. మందు మూతలోకి పోసి, ఎక్కువైందేమోనని వెలుతురుకు ఎత్తి చూసి, కొంచెం మళ్ళీ సీసాలోకి వంచాడు. నేను పాప తల ఎత్తి పట్టుకున్నాను. ఆయన తాగించాడు.