ఊపిరి వినే డాక్టరమ్మ

కరోనా రోజుల్లో నేను న్యుమోనియాతో టెక్కలి ఆసుపత్రిలో ఉన్నాను. మా వార్డు డాక్టరమ్మ ప్రతి రోగినీ ఇంట్లో కూర ఎలా వండుతారో చెప్పమనేవారు. మాట మధ్యలో ఊపిరి ఎక్కడ తెగుతుందో విని, జబ్బు ఎవరికి ముదురుతుందో అంచనా వేసేవారు.

పక్క మంచం మీది డొంకూరు జాలరి హుషారైన మనిషి. ఆరోజు చేపల పులుసు గురించి మొదలుపెట్టి, చింతపండు దగ్గరే ఆగిపోయాడు. ఆవిడ వెంటనే అంబులెన్సు పిలిపించారు.

"నాకేటైంది డాక్టరమ్మా? బాగానే ఉన్నాను కదా," అన్నాడతను.

"బాగున్నావు కాబట్టే ఇప్పుడే శ్రీకాకుళం ఎల్లమంటన్నాను."

పెద్దాసుపత్రికి చేరేసరికి అతనికి ఊపిరి అందలేదట. వెంటిలేటర్ పెట్టి బతికించారు.

ఆ కబురు తెలిసి మేమంతా ఆవిడను మెచ్చుకున్నాం.

"నా అంచనా తప్పయ్యుంటే బాగుండేది," అని ఆవిడ తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయారు.