రూతు పెట్టిన సంతకం

బెంగాల్లో, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులోని ఓ బిస్కెట్ల ఫ్యాక్టరీలో రూతు పద్దెనిమిదేళ్లుగా ఊడ్చే పని చేస్తోంది. కనీస వేతనాలు తేల్చడానికి ప్రభుత్వం వేసిన కమిటీలో కార్మికుల తరఫున ఒక ఆడమనిషి ఉండాలనేసరికి, యూనియన్ నాయకుడు ఫణీంద్ర ఆమె పేరే రాసిచ్చాడు.

రెండేళ్లలో తొమ్మిదిసార్లు కలకత్తా వెళ్లింది. ప్రతిసారీ లోకల్ రైల్లో నిలబడి ప్రయాణం, ఫ్యాక్టరీలో ఆ రోజు జీతం కోత. బల్లకు ఒకవైపు యజమానులు, ఎదురుగా యూనియన్లు, మధ్యలో లేబర్ ఆఫీసరు. మాటలు బెంగాలీలో, కాగితాలు ఇంగ్లీషులో.

ఆఖరి సమావేశంలో యూనియన్లు అడిగిన పెంపులో సగం దగ్గరే యజమానులు ఆగిపోయారు. అప్పుడు రూతు తనకొచ్చిన బెంగాలీలోనే అడిగింది, మిషన్ల మీద ప్యాకింగ్ చేసే ఆడవాళ్లను ఇంకా నైపుణ్యం లేనివాళ్ల కింద, అన్‌స్కిల్డ్ అనే ఎందుకు రాస్తున్నారని. ఆఫీసరు యజమానులను పక్క గదిలోకి తీసుకెళ్లి గంట తర్వాత వచ్చాడు. ఆయన తెచ్చిన రాజీ ఇది: ప్యాకింగ్ వాళ్లను జీతం కాస్త ఎక్కువుండే సెమీ-స్కిల్డ్‌లోకి మారుస్తారు, మిగతా కోరికలు యూనియన్లు వదులుకోవాలి.

"ఇది కాదంటే మళ్లీ మొదటికొస్తాం రూతమ్మా," అన్నాడు ఫణీంద్ర వరండాలో.

"మరి ఊడ్సేవోళ్ల సంగతేటి బాబూ?"

"ఇప్పట్లో కాదమ్మా."

రూతు లోపలికెళ్లి సంతకం పెట్టింది.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర ప్యాకింగ్‌లో పనిచేసే వినీల నిలదీసింది. "సగానికే ఒప్పుకుని వచ్చినావేటి పిన్నీ? గవర్మెంటోళ్ల టీ తాగి మారిపోనావు!"

విడమరిచి చెప్పే ఓపిక రూతుకు లేకపోయింది. చీపురు తీసుకుని లోపలికి నడిచింది.

ఐదు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఆ నెల జీతం చీటీ పట్టుకుని వినీల ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"నాకు సెమీ-స్కిల్డ్ అని పడింది పిన్నీ. మరి నీకు?"

"అన్‌స్కిల్డే."

"తెలిసే సంతకం పెట్టినావా?"

"తెలిసే పెట్టినాను. ఆ రోజు దొరికింది మీ వరకే."

వినీల మెట్టు మీద కూలబడింది. రూతు మోకాళ్లు ఒత్తుకుంటూ పక్కన కూర్చుంది.

"మళ్లీ కమిటీ ఏస్తారంట. నీ పేరు ఇమ్మని ఫణీంద్రబాబుకి సెప్పినాను. ఇంగ్లీషు కాగితాలు నువ్వు సదవగలవు. నావల్ల కాదే ఇంక."

కలకత్తాకి ఏ రైలుకి వెళ్లాలో అడిగింది వినీల.